నువ్వులు లేని పిండం

ఆకు మీద వరుసగా పెట్టిన పిండాల్లో ఒక్కటి మాత్రం తెల్లగా ఉంది.

మిగతావన్నీ నల్ల నువ్వులు అద్దుకుని మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. చివరిది అప్పుడే గిన్నెలోంచి తీసిన ముద్దలా ఉంది. పొద్దుటి నుంచి గయలో ఫల్గూ నది ఇసుకలో కూర్చుని ఉన్న నిరుపమా సహాయ్ ముందు దాన్ని గమనించలేదు. క్షేత్ర పురోహితుడైన పండా బచ్చూలాల్ మంత్రం ముగించి, "ఇక ఎత్తండి సూరజ్ బాబూ, ఆవు వచ్చేసింది," అన్నప్పుడు, సూరజ్‌నారాయణ్ సింగ్ ఆకును అందుకున్న తొందర చూసి గమనించింది. క్రతువంతా నిద్రమొహంతో చేసిన మనిషికి ఆవును చూడగానే ఎక్కడ లేని చురుకు వచ్చింది.

"ఒక్క నిమిషం. ఆ ఆకు కింద పెట్టండి," అంది నిరుపమ.

"పితృకార్యం మేడమ్. మధ్యలో ఆపకూడదు."

"ఆపడం లేదు. చూస్తానంటున్నాను."

ఆవు ఎవరి మాటా వినలేదు. మెడ చాచి మొదటి పిండం నోట కరుచుకుంది. నిరుపమ ముందుకు వంగి చివరి పిండాన్ని చేతిలోకి తీసుకుంది. బచ్చూలాల్ "అయ్యయ్యో" అన్నాడు గానీ లాక్కోలేదు. పెట్టిన పిండాన్ని పరాయి మనిషి ముట్టుకోగా అతను ఎన్నడూ చూసి ఉండడు. ఆమె దాన్ని విరిచి వాసన చూసింది. పుల్లగా ఉంది. పెరుగు.

"ఇది ఎవరి పేరున పెట్టారు పండాజీ?"

"ఈయన అన్నగారి పేరున. జగత్‌నారాయణ్ సింగ్, కాశ్యప గోత్రం. ఆయన కోసమే కదమ్మా ఇంత దూరం వచ్చింది."

కాస్త ఎడంగా, మోకాళ్ళు దగ్గరకు ముడుచుకుని కూర్చున్న బిందేశ్వరీ దేవి తలెత్తింది. పాపిట నిండా సిందూరం. ఆ ఇసుకలో అంతమంది మధ్య అంత ఎర్రగా మరొకటి లేదు.

పోయిన వారం ఆమె ఆరా దగ్గరి పల్లె నుంచి బస్సెక్కి, పట్నాలో నిరుపమ డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చింది. "మా ఆయన పోయారంటున్నారు దీదీ. పోయారో లేదో కనుక్కుని చెప్పండి. పోతే ఏడుస్తాను. పోకపోతే ఎదురుచూస్తాను. రెండూ కలిపి చేయడం ఇక నా వల్ల కావడం లేదు," అంది. పన్నెండేళ్ళ క్రితం కాలువ నీళ్ళ దగ్గర ఒక గొడవ జరిగిన రాత్రి జగత్‌నారాయణ్ ఇల్లు వదిలి వెళ్ళాడు. మళ్ళీ జాడ లేదు. పన్నెండేళ్ళు నిండగానే తమ్ముడు సూరజ్ దర్భలతో అన్న బొమ్మ చేసి దహనం చేశాడు. సూరత్‌లో కలరాతో పోయాడని ఎవరిచేతనో ప్రమాణపత్రం కూడా రాయించి తెచ్చాడు. బిందేశ్వరి మాత్రం సిందూరం చెరపనంది. చివరికి ఊరి పెద్దలు కూర్చుని ఒక మాట ఖాయం చేశారు. గయలో పొద్దున ఫల్గూ, మధ్యాహ్నం విష్ణుపాదం, సాయంత్రం అక్షయవటం. ఆ చెట్టు కింద ఆఖరి పిండం పెట్టి, పండా వీపు తట్టి 'సుఫలం' అనగానే ఆమె సిందూరం చెరిపెయ్యాలి. ఆ తర్వాత ఆయన మాట ఎత్తకూడదు.

అంటే నిరుపమకు మిగిలింది సాయంత్రం వరకే.

"నువ్వులు లేవేం సూరజ్ బాబూ?"

"అయిపోయి ఉంటాయి."

ఈ మాట బచ్చూలాల్‌కు తగలాల్సిన చోట తగిలింది. "అయిపోవడమేమిటి బాబూ? పొట్లం ఇదిగో, సగం కూడా తరగలేదు. పితృపక్షంలో బచ్చూ పండా దగ్గర నువ్వులు నిండుకున్నాయంటే రేపట్నుంచి నా గడప ఎవడు తొక్కుతాడు? పిండి మొత్తం కలిపింది నేను. నువ్వులు వేయకముందే మీరు ఒక ముద్ద పక్కకు తీసుకున్నారు. అన్నకి నా చేత్తో నేనే చేసుకుంటానన్నారు. పాపం, ఎంత ప్రేమ అనుకుని నేనూ కళ్ళు తుడుచుకున్నాను."

"పెరుగు ఎందుకు కలిపారు?"

"అన్నకి పెరుగంటే ప్రాణం."

"ఎవరికి బబువా?" అంది బిందేశ్వరి. మరిదిని ఆమె అలాగే పిలుస్తుంది. "పెరుగు చుక్క పడితే కంచమే మార్చమనేవారు. ఇన్నేళ్ళు ఒకే పొయ్యి మీద తిన్నాం, అది కూడా మర్చిపోయారా?"

"భౌజీ, మీరు ఊరుకోండి," అన్నాడు అతను వదినతో.

"ఊరుకునే ఉన్నాను. పన్నెండేళ్ళుగా అదే పని."

నిరుపమ పండా వైపు తిరిగింది. "నువ్వులు వేయకుండా, పెరుగు కలిపి పెట్టే పిండం గయలో ఎక్కడుంది పండాజీ?"

బచ్చూలాల్ నువ్వుల పొట్లం ముడి వేస్తూ వేస్తూ ఆగిపోయాడు. ఒకసారి సూరజ్‌ను చూశాడు, ఒకసారి ఆమె చేతిలోని ముద్దను చూశాడు. "జనార్దన మందిరంలో," అన్నాడు నెమ్మదిగా. "భస్మకూటం కొండమీద. దేవుడి చేతిలో పెడతారు. కానీ అది..."

"చెప్పండి."

"అది బతికున్నవాళ్ళకి పెట్టే పిండం అమ్మా. తన తర్వాత తనకు పెట్టే దిక్కు లేదనుకున్నవాడు తన పిండం తనే పెట్టుకుంటాడు. నువ్వులు పోయినవాళ్ళకి. బతికున్న మనిషి పేరున పెట్టేదాంట్లో ఒక్క గింజ కూడా పడకూడదు. పడితే పెట్టినవాడికి మంచిది కాదు."

బిందేశ్వరి చెయ్యి ఒళ్ళోంచి జారి ఇసుకలో పడింది. ఆమె దాన్ని వెనక్కి తీసుకోలేదు.

సూరజ్ గబుక్కున లేవబోయి, లేవలేక పండా భుజం పట్టుకున్నాడు. నిలబడ్డాక కూడా మోకాళ్ళు వంచకుండా, కొయ్యకాళ్ళవాడిలా అడుగు వేశాడు. అంతకుముందు మెట్లు కూడా అతను పక్కకు తిరిగి, గోడ పట్టుకుని దిగడం నిరుపమ చూసింది. తను బస చేసిన ధర్మశాలలో పొద్దున సగంమంది మెట్లు అలాగే దిగారు.

"పిక్కలు పట్టేశాయా?"

"నిన్న రైల్లో నిలబడి వచ్చాం."

"నిలబడింది నేను," అంది బిందేశ్వరి. "మీరు పట్నా నుంచి గయ దాకా కిటికీ పక్కన కూర్చుని గురకపెట్టారు."

"నిన్న ఆమెతో పట్నాలో రైలెక్కారు. మొన్న ఎక్కడున్నారు?" అడిగింది నిరుపమ.

"పట్నాలోనే. అన్న వాటా పొలం కాగితాల పనిమీద వకీలు ఇంట్లో."

"వకీలు ఇల్లు కొండమీద ఉందా? ఇక్కడి ప్రేతశిల కొండ ఎక్కి దిగినవాళ్ళకి మూడో రోజున ఈ నడక వస్తుంది. ప్రేతశిల మీద పిండం అకాలమరణం పాలైనవాళ్ళకే పెడతారు. కలరా చావుకి మీరు అక్కడికి వెళ్ళనవసరం లేదు. మరి మీ ఇంట్లో కాలిపోయినవాళ్ళెవరు? మునిగిపోయినవాళ్ళెవరు?"

సూరజ్ నోరు తెరిచాడు. జవాబు మాత్రం వెనకనుంచి వచ్చింది.

"ఆయన పిక్కలు కూడా సాక్ష్యమేనా సహాయ్ మేడమ్? పంచనామా రాయమంటారా? ఆ ఆవును కూడా సాక్షిగా పిలిపిద్దామా?"

ఇన్‌స్పెక్టర్ త్రిపురారి పాండే టోపీ చంకలో పెట్టుకుని, ఇసుకలో బూట్లు కూరుకుపోతుంటే విసుక్కుంటూ వచ్చాడు. మేళా బందోబస్తు అతనిదే. అతనూ నిరుపమా ఒకే బ్యాచిలో పోలీసులైనవాళ్ళు. ఆమె తేల్చిన ఒక కేసుకు అతనికి ప్రమోషన్ వచ్చింది. ఆమె ఉద్యోగం వదిలేసి సొంతంగా ఆఫీసు తెరిచింది. ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు, ఎప్పుడూ మర్చిపోనూ లేదు.

"ఆవును ఎందుకంటారు పాండేజీ. సాక్ష్యం మింగేసేవాళ్ళు మీ స్టేషన్‌లో చాలామందే ఉన్నారు."

పండా నవ్వబోయి దగ్గాడు. పాండే మొహం మారలేదు. "ఈయన ఫిర్యాదు చేశాడు. క్రతువుకి అడ్డుపడుతున్నారట. కాగితాలు నేను చూశాను, అన్నీ సరిగ్గా ఉన్నాయి. మనిషి పోయాడు."

"పోయినవాడికి నువ్వులు లేని పిండం ఎందుకు పెట్టాడో అడగండి."

"నువ్వుల మీద కేసు రాయమంటారా? మెజిస్ట్రేటు నన్ను కాంకే పిచ్చాసుపత్రికి పంపిస్తాడు." అతను ఆమెను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "చూడండి, ఆ తల్లి సగం జీవితం గుమ్మం వైపు చూస్తూ గడిపేసింది. సాయంత్రంతో ఆ బాధ తీరిపోతుంది. మీరు వచ్చి మళ్ళీ ఆశ పెడుతున్నారు. రేపు ఏమీ దొరక్కపోతే మీరు పట్నా వెళ్ళిపోతారు. ఆమె మళ్ళీ ఆ గుమ్మం దగ్గరే కూర్చుంటుంది."

రాత్రి నిద్ర పట్టక నిరుపమ అనుకున్నది కూడా అదే.

"పండాజీ, వీళ్ళని విష్ణుపాదానికి తీసుకెళ్ళండి," అని గట్టిగా చెప్పి పాండే కదిలాడు.

బిందేశ్వరి నిరుపమ కొంగు పట్టుకుంది. "దీదీ, ఉన్నారా?"

"ఇంకా తెలీదు."

"ఉన్నారని చెప్పండి. అబద్ధమైనా పర్లేదు."

"అబద్ధం చెప్పను."

ఆమె కొంగు వదిలేసి చిన్నగా తల ఊపింది. "అదే మంచిది. చెప్పేవాళ్ళు ఇంట్లో చాలామంది ఉన్నారు."

"నేను వచ్చేదాకా పండా పక్కనుంచి కదలకండి. మరిదితో ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళొద్దు. సరేనా?"

"నేనెక్కడికి వెళ్తాను దీదీ," అంది బిందేశ్వరి.

*

జనార్దన మందిరం దగ్గర జనం లేరు. కింద అంత రద్దీ ఉంటే ఇక్కడ పావురాలు తాపీగా తిరుగుతున్నాయి. పూజారి పాఠక్‌జీ గడప మీద కూర్చుని దర్భలు చిక్కు తీస్తున్నాడు. నిరుపమ లోపలికి వెళ్ళి దీపం వెలుగులో విగ్రహాన్ని పరిశీలించింది. నల్లరాతి దేవుడు. చాచిన చెయ్యి. అరచేతి గీతల్లో పెరుగు ఎండి తెల్లటి పొరలా ఉంది, చీమలు పట్టాయి. కింద రాతిపలక సందుల్లో వేలు పెట్టి తీసింది. బియ్యప్పిండి వచ్చింది, అక్షతలు వచ్చాయి. నువ్వు గింజ ఒక్కటి కూడా రాలేదు.

"కడిగి ఎన్నాళ్ళయింది బాబా?"

"పిండం పడ్డాక ఆ చెయ్యి వెంటనే కడగను. ఇచ్చినవాడి ఎదుటే కడిగేస్తే బాగుండదు."

"ఇచ్చినవాడి ఎదుటే అంటే?"

పాఠక్‌జీ దర్భ పక్కన పెట్టాడు. "ఇక్కడికి వచ్చేవాళ్ళు తక్కువమ్మా. తన పిండం తను చూసుకోవడానికి గుండె కావాలి. మొన్న మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. కూడా తమ్ముడున్నాడు. లోపలికి మాత్రం రాలేదు, బయటే చెప్పులతో నిలబడి, బతికుండగా పెట్టేసుకుంటే తర్వాత బంధువులు పెట్టనవసరం లేదు కదా, ఏం దోషం ఉండదు కదా అని రెండు మూడుసార్లు అడిగాడు. తమ్ముడు వెళ్ళిపోయాడు. ఆయన అప్పట్నుంచి ఇక్కడే ఉన్నాడు."

"ఎక్కడ?"

ముసలాయన గడ్డంతో వెనక వసారా వైపు చూపించాడు.

స్తంభానికి ఆనుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నున్నటి గుండు. చేతుల చర్మంలోకి ఇంకిపోయిన బొగ్గు నలుపు. పక్కన ఆకులో పూరీలు ముట్టుకోకుండానే గట్టిపడ్డాయి. నిరుపమ కాస్త దూరంలో నేలమీదే కూర్చుంది.

"జగత్‌నారాయణ్ బాబూ."

అతను ఉలిక్కిపడలేదు. అలసిపోయినట్టుగా చూశాడు. "పోలీసా?"

"ఒకప్పుడు."

"పదండి మరి. నా పిండం నేను పెట్టేసుకున్నాను. ఇక జైలైనా ఒకటే, స్టేషనైనా ఒకటే."

"జైలెందుకు?"

"రామ్‌ధనీని చంపాను కదా. కాలువ గట్టుమీద. లాఠీ నెత్తిమీద పడింది."

నిరుపమకు ఒక ముడి వీడింది. "రామ్‌ధనీతో నేను మొన్న గురువారం మీ ఊళ్ళో మాట్లాడాను. నెత్తిమీద మచ్చ చూపించి ఇప్పటికీ మిమ్మల్ని తిడుతున్నాడు. చచ్చినవాడు అంత బాగా తిట్టలేడు బాబూ."

అతను ఆమెను చాలాసేపు చూశాడు. "సూరజ్ చెప్పాడే," అన్నాడు చివరికి.

"సూరజ్ ఏమేం చెప్పాడు?"

మాటలు ఒక్కొక్కటే వచ్చాయి, గనిలోంచి తట్టలతో పైకి తోడుతున్నట్టు. ఆ రాత్రి తమ్ముడే రైలెక్కించాడు. రామ్‌ధనీ చచ్చిపోయాడు, వారంటు ఉంది, ఊరి పొలిమేర కూడా తొక్కకు అన్నాడు. అసన్‌సోల్ బొగ్గు గనిలో వేరే పేరుతో పని. ఏడాదికోసారి సూరజ్ వచ్చి స్టేషన్ బయట టీకొట్టు దగ్గర కలిసేవాడు. ఇంట్లో అందరూ బాగున్నారు, కేసు మాత్రం ఇంకా చల్లారలేదు అనేవాడు. ఈ ఏడు హోలీ తర్వాత వచ్చినప్పుడు తలెత్తకుండా కూర్చున్నాడు.

"పొయ్యి దగ్గర చీర అంటుకుందన్నాడు. నాకు ఇంకేం వినపడలేదు. జైలుకెళ్తే వెళ్తాను, ఊరొస్తానన్నాను. వద్దు, గయకి రా, అక్కడ ఆమెకు చేసుకో అన్నాడు. మొన్న పొద్దున ప్రేతశిల ఎక్కాం. కాలిపోయినవాళ్ళకి అక్కడే పెట్టాలట. నువ్వులు కలిపిన సత్తుపిండితో పిండం పెట్టాను."

"ఎవరికి?" జవాబు తెలిసినా అడగక తప్పలేదు.

"మా ఇంటిదానికి. దిగాక, నీకు మాత్రం ఎవరున్నారన్నయ్యా, నీది కూడా పెట్టేసుకో అన్నాడు సూరజ్. నిజమే కదా అనిపించింది."

నిరుపమ వృత్తిలో ఎంతోమందికి చావు కబురు చెప్పింది. దానికి మాటలు ఆమె దగ్గర సిద్ధంగా ఉండేవి. బతికి ఉందని చెప్పడం ఇదే మొదలు. తన భర్త పోయిన ఏడాది, తలుపు చప్పుడైనప్పుడల్లా ఎవరైనా వచ్చి ఈ మాట చెబుతారేమోనని ఆమె కూడా చూసింది. ఎవరూ రాలేదు.

"ఆమె బతికే ఉంది బాబూ. పొద్దున ఫల్గూలో కూర్చుని ఉంది. మీ పిండం పెడుతుంటే చూస్తూ."

అతను లేచి నిలబడ్డాడు. గొంతు మొదటిసారి గట్టిగా వచ్చింది. "పిండం పెట్టినదాని మీద ఎగతాళి ఆడకండి. మీరెవరో నాకు తెలీదు. ఇంకేమైనా అనండి, ఇది మాత్రం వద్దు."

"మీ గుర్తులు చెప్పమంటే ఆమె ఎత్తు చెప్పలేదు, రంగు చెప్పలేదు. నిప్పుల్లో కాల్చిన లిట్టీ ఉండని మాడిన వైపే తింటారు, అదే ఆయన గుర్తు అంది. మాడకపోతే మళ్ళీ నిప్పుల్లోకి తోస్తారట."

అతను కదల్లేదు.

"పొద్దుగూకేవేళ రోజూ ఒక లిట్టీ మాడుస్తుందట. పొద్దున తీసి గేదెకు వేస్తుంది. ఆ గేదెకు ఇప్పుడు మాడనిది నచ్చదట. అది చెప్పి నవ్వింది కూడా."

జగత్‌నారాయణ్ స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని, దానికి నుదురు ఆనించాడు. ఏడవలేదు. ఊపిరి మాత్రం ఈలలా వచ్చింది. చాలాసేపటికి అడిగాడు. "జుట్టు నెరిసిందా?"

"కొంచెం. ముందువైపు."

"వాళ్ళ అమ్మకీ ముందే నెరిసింది," అన్నాడు అతను. ఆమెను తలుచుకోవడానికి మళ్ళీ హక్కు వచ్చినట్టు, చాలా మెల్లగా.

"కలరాతో పోయిన మనిషి బాగానే మాట్లాడుతున్నాడు." వసారా మొగలో పాండే నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి విన్నాడో. నిరుపమ చూపుకు భుజాలు ఎగరేశాడు. "ఆ నడక నేనూ చూశాను మేడమ్. జనం ముందు మీదే పైచేయి అని ఒప్పుకోవాలా? మా స్టేషన్‌లో నాకూ మర్యాద ఉండాలి కదా."

"జీపుందా?"

"కిందుంది."

"ఎక్కండి బాబూ," అంది నిరుపమ జగత్‌తో. "విష్ణుపాదం దగ్గరుంది ఆమె."

అతను రెండు అడుగులు వేసి ఆగాడు. ధోవతి మోకాలి దగ్గర మసి మరకను చేత్తో దులుపుకున్నాడు. పోలేదు. కొంగు తిప్పి దాన్ని లోపలికి దోపుకున్నాడు.

*

విష్ణుపాదం ప్రాంగణంలో బచ్చూలాల్ ఒక్కడే ఉన్నాడు. ముందు పిండాల ఆకు, కలపని పిండి, పళ్ళెంలో ఆరిపోయిన దీపం.

"వాళ్ళేరి?" అంది నిరుపమ.

"నేను వద్దన్నానమ్మా. మధ్యలో లేవకూడదని కూడా చెప్పాను." పండా మాటలు తడబడ్డాయి. "మీరు వెళ్ళిన కాసేపటికి సూరజ్ బాబు ఆమె కాళ్ళమీద పడి ఏడ్చాడు. తప్పు చేశాను భౌజీ, అన్నయ్య బతికే ఉన్నాడు, సాధువుల్లో కలిసిపోయాడు, ప్రేతశిల మీద ఉన్నాడు, ఇప్పుడే వెళ్తే దొరుకుతాడు అన్నాడు. ఆ తల్లి ఇంకేం వింటుంది. ఆమే ముందు పరిగెత్తింది. చెప్పులు చూడండి, అక్కడే వదిలేసింది. టెంపో ఎక్కి వెళ్ళారు."

నిరుపమ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఫల్గూలో ఆ ప్రశ్న సూరజ్ వినేలా అడిగింది తనే. బతికున్నవాళ్ళ పిండం అని పండా చేత అతని ఎదుటే చెప్పించింది తనే. ఎక్కడికీ వెళ్ళొద్దని బిందేశ్వరికి చెప్పింది గానీ, ఏ మాట వింటే ఆమె ఆగదో ఆ మాట సూరజ్‌కు తెలుసని తలచుకోలేదు.

"కంగారు పడకండి," అన్నాడు పాండే. "నువ్వు గింజకు వణికిన మనిషి. వాడికి అంత ధైర్యం ఎక్కడిది?"

"వణికాడు కాబట్టే." ఆమె అప్పటికే జీపు వైపు నడుస్తోంది. "అతను మనుషులకు భయపడడు పాండేజీ, పితరులకు భయపడతాడు. అన్న సంగతి జనార్దనుడి చేతిలో పెట్టించి సర్దుకున్నాడు. ఈమె సంగతి సర్దుకోలేదు. బతికున్న ఆడమనిషికి ప్రేతశిల మీద నువ్వులతో పిండం పడింది, అకాలమరణం అని చెప్పి. పెట్టించిన పాపం ఇతనిది. ఆ పాపం పోవాలంటే దారి ఒకటే. పెట్టిన పిండం నిజం కావాలి."

పాండే టోపీ తలమీద పెట్టుకున్నాడు. డ్రైవర్‌ను పక్కకు జరగమని స్టీరింగు తనే పట్టుకున్నాడు.

జగత్‌నారాయణ్ బిందేశ్వరి చెప్పులు చేతిలో పట్టుకుని వెనక ఎక్కాడు. వాటిని ఒళ్ళో పెట్టుకున్నాడు. జీపు జనంలోంచి హారను కొట్టుకుంటూ బయటపడి, రామశిల దాటి, ఖాళీ రోడ్డు ఎక్కింది. దూరాన ప్రేతశిల కనిపించింది. మెట్ల మీద మనుషులు చుక్కల్లా ఉన్నారు. వాళ్ళలో ఎవరు ఎవరో చెప్పడానికి లేదు.

"అంత మందిలో ఎలా ఆపుతాం?" అన్నాడు పాండే, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "మనం మెట్లెక్కేసరికి..."

"కింద నుంచి పిలిస్తే వినిపిస్తుందా?" అని అడిగాడు జగత్‌నారాయణ్.

"గాలి మనవైపు నుంచి ఉంటే వినిపిస్తుంది," అంది నిరుపమ. "కానీ భౌజీ అనో, దేవీజీ అనో పిలిస్తే కొండమీదున్న ఆడవాళ్ళంతా తిరిగి చూస్తారు. పేరు పెట్టి పిలవాలి. ఆమె గుర్తుపట్టే గొంతు అయ్యుండాలి."

అతను తల ఊపి, ఒళ్ళోని చెప్పులను దగ్గరకు తీసుకున్నాడు.

"పెళ్ళయిన దగ్గర్నుంచి దాన్ని ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు మేడమ్. మా ఇళ్ళల్లో పిలవరు. ఏమోయ్ అంటే వచ్చేది. మొన్న ఆ కొండమీద పండా సంకల్పంలో పేరు అడిగితే మొదటిసారి నోటితో అన్నాను. సరిగ్గా వినపడలేదు, గట్టిగా చెప్పమన్నాడు."

జీపు గుంటలో పడి లేచింది. వెనకనుంచి అతని గొంతు వినిపించింది. మొదట గుసగుసలా, తర్వాత కాస్త పైకి, తర్వాత ఇంకాస్త పైకి. బిందేశ్వరీ. బిందేశ్వరీ. ఆ పేరు అతని నోటికి అలవాటు లేదు. కొండ వచ్చేలోపు అలవాటు చేసుకుంటున్నాడు.